లేపే వంతు

లోహితపురంలో మనుషులను లేపడం ఎప్పుడో మానేశారు. దేవుణ్ణి మాత్రం ఇంకా లేపుతున్నారు.

కుజుడి మీద, ఎర్రరాతి కింద తొలిచి కట్టిన ఊరది. నడవ చివర చిన్న పూజామందిరం ఉంది. పొద్దున్నే ఎవరో ఒకరు దీపం వెలిగించి మేలుకొలుపు పాడతారు. మేలుకొలుపు అనగానే ఈ కథ చెబుతున్న నాకు ఒక సందేహం. చిన్నప్పటినుంచీ ఉన్నదే. నిద్ర అనేదే లేనివాడిని రోజూ పనిగట్టుకుని లేపడమెందుకు? అప్పటికే మెలకువగా ఉన్నానని ఆయన ఒక్కనాడైనా చెప్పడేం? అడిగితే తప్పవుతుందేమోనని ఎవరినీ అడగలేదు.

మనిషి సంగతి వేరు. నిద్ర ఎంత తియ్యగా ఉన్నా లేవడం చేదుగానే ఉంటుంది. తల బరువు, కడుపులో వికారం, ఎక్కడున్నామో తెలియని మత్తు. లోహితపురానికి మొదట వచ్చినవాళ్ళకు ఆ బాధ మరీ ఎక్కువగా ఉండేది. భూమి మీదైతే నిద్రపోయేవాడి వెచ్చని ఊపిరి పైకి లేచి చెదిరిపోతుంది. కుజుడి ఆకర్షణ తక్కువ. మూసిన గదిలో వదిలిన ఊపిరి ముఖం దగ్గరే తచ్చాడుతుంది. తెల్లారేసరికి మనిషి తను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే తిరిగి పీలుస్తూ ఉంటాడు. పైగా అక్కడి రోజు మన రోజుకన్నా కాస్త పొడుగు. ఒంట్లో గడియారానికీ గోడ గడియారానికీ పొత్తు కుదరదు. అలారాలు మోగినా లేవలేకపోయేవారు. లేచినా తూలి పడేవారు.

అందుకని పక్కపక్క గదులవాళ్ళు ఒకరినొకరు చేత్తో తట్టి లేపే ఏర్పాటు చేసుకున్నారు. ఇవాళ నువ్వు నన్ను లేపితే రేపు నేను నిన్ను. లేపాల్సినవాళ్ళు తామే ముందుగా లేవగలిగేలా, వాళ్ళ గదిలో ఆ రాత్రికి పంకా గట్టిగా తిప్పేవారు. అప్పటి కరెంటుకు అన్ని గదుల్లోనూ తిప్పడం కుదిరేది కాదు. ఆ ఏర్పాటుకు లేపే వంతు అని పేరు.

దాని అవసరం లేకుండా చేసింది డాక్టర్ వకుళ. లేచినా వదలని మత్తును శాస్త్రంలో స్లీప్ ఇనర్షియా అంటారు. ఆమె దానికి నిద్రశేషం అని పేరు పెట్టింది. మెదడు మొత్తం ఒక్కసారి మేలుకోదు. కళ్ళూ కాళ్ళూ ముందు లేస్తాయి, ఆలోచన ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంటుంది. ఆమె తయారుచేసిన తేటపట్టీని నుదుటికి కట్టుకుంటే అది మెదడు తరంగాలను కనిపెట్టి, లేచే వేళకు సన్నని అయస్కాంత స్పందనలతో అన్ని భాగాలనూ కలిపి మేల్కొలుపుతుంది. దాని అంచున ఉన్న బుల్లి పంకా ముఖం మీది పాత ఊపిరిని ఊదేస్తుంది. ఇంట్లో దీపాలన్నీ ఒకే స్విచ్చితో వెలిగినట్టు మనిషి కళ్ళు తెరుస్తాడు. పట్టీలు వచ్చిన రోజునుంచి లేపే వంతులు ఆగిపోయాయి. వకుళను అందరూ మెచ్చుకున్నారు.

ఈమధ్య మాత్రం తాయారమ్మకు మళ్ళీ పొద్దున్నే ఒంట్లో బాగుండటం లేదు. వకుళ గదికి ఆనుకుని ఉన్న గది ఆమెది. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. లేచేసరికి తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, వాంతులు. మొన్న మత్తులో నడుస్తూ స్టవ్ మీదికి తూలింది. మోచెయ్యి కాలింది.

ఊరి అధికారి మృత్యుంజయరావు వకుళను పిలిపించాడు.

"ఇంక లాభం లేదు వకుళగారూ. వచ్చే వారం ఆవిణ్ణి ఆస్పత్రి వార్డులోకి మార్పించేస్తున్నా. ఇహ అక్కడే ఉంటుంది. గదిలో వదిలేస్తే, రేపేదన్నా అయితే జవాబు చెప్పేది నేను."

"ఆవిడ ఒప్పుకోదండీ. పూజా, వంటా అన్నీ ఆ గదిలోనే. వార్డులో పెడితే నెల తిరక్కుండా మంచం పడుతుంది."

"అయితే కారణం కనిపెట్టండి. ఆవిడకిచ్చింది మీ పట్టీయే కదా."

ఆ చివరి మాట వకుళకు గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే పరికరాల పెట్టె పట్టుకుని తాయారమ్మ తలుపు తట్టింది. తాయారమ్మ తలకు తువ్వాలు బిగించుకుని, గోడ పట్టుకుని వచ్చి తీసింది.

"ఏమే వకుళా, పొద్దున్నే మిషన్లేసుకుని ఊరేగుతున్నావు?"

"మీకోసమే పిన్నిగారూ. కూర్చోండి, నాడి చూస్తా."

"చూడు, చూడు. కుజదోషం ఉందని నాకు ఏడు సంబంధాలు తప్పిపోయాయి. చివరికి కుజుడి మీదే కాపురం పెట్టా. ఇహ ఆయన నన్నేం చేస్తాడు?"

వకుళ నవ్వలేదు. పట్టీ ఎక్కడుందని చూసింది. అది దేవుడి అలమరా పక్కన మేకుకు వేలాడుతోంది. దాని మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది.

"పిన్నిగారూ! ఇది కట్టుకోవడం లేదా మీరు?"

తాయారమ్మ తువ్వాలు ఇంకాస్త బిగించుకుంది. "బిగుతుగా ఉందే."

"వదులు చెయ్యొచ్చుగా."

"నుదురు దురద పెడుతుంది."

"మెత్తటి గుడ్డ వేసిస్తాను. అసలు సంగతి చెప్పండి. వచ్చే వారం మిమ్మల్ని వార్డుకి తీసుకెళ్ళిపోతారు, తెలుసా?"

ఆ మాటకు తాయారమ్మ ముఖంలో నవ్వు పోయింది. మంచం అంచున కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకుంది.

"నీ పట్టీ మంచిదేనే. అది కట్టుకుంటే టక్కున కళ్ళు తెరుచుకుంటాయి. ఎదురుగా గోడ. నేను తాయారమ్మని, మా ఆయన పోయాడు, ఇది కుజుడు. అన్నీ ఒక్కసారే తెలిసిపోతాయి. ఇదివరకు అలా కాదు. మత్తులో ఉన్నప్పుడు ఎవరిదో చెయ్యి తగిలేది. ఎవరిదా అని లోపల్లోపలే పోల్చుకునేదాన్ని. ముందు మా అమ్మ అనిపించేది. కాసేపటికి కాదులే, ఆయనా అనిపించేది. ఆఖర్న కళ్ళు తెరిస్తే నువ్వు. ముగ్గురూ ఒక్క చేతిలోనే వచ్చేవాళ్ళు."

వకుళ పట్టీని మేకు నుంచి తీసి, దాని మీది దుమ్ము తుడిచింది.

"ఒంట్లో బాలేకపోతే ఎవరన్నా వచ్చి లేపుతారని మేకుకి తగిలించా. వచ్చి లేపరు, మందిచ్చి పోతారు," అని మళ్ళీ నవ్వబోయింది తాయారమ్మ. "అయినా నువ్వు నాకు బాకీ ఉన్నావు, గుర్తుందా? ఆఖరిసారి నిన్ను లేపింది నేను. మర్నాడు నీ వంతు. ఆ సాయంత్రమే పట్టీలు పంచేశావు. నువ్వు వస్తావని తెల్లారి చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నా. మెలకువగానే ఉన్నాననుకో."

వకుళ ప్రయోగశాలకు వచ్చి ప్రత్యూషను పలకరించింది. ఊళ్ళోని పట్టీలన్నిటి సమాచారం చూసుకునే యంత్రం అది. స్థిరంగా, మర్యాదగా మాట్లాడుతుంది.

"ప్రత్యూషా, పట్టీలు బాగా పనిచేస్తున్నాయని నాకు రోజూ చెబుతున్నావు."

"అవునండీ. కట్టుకున్న ప్రతివారూ తేటగా లేస్తున్నారు."

"కట్టుకోనివాళ్ళు ఉన్నారా?"

"ఈ ప్రశ్న మీరు ఇంతవరకూ అడగలేదు. ఉన్నారు. రాత్రి కట్టుకుని, తెల్లవారేలోగా తీసేసేవారు ఊళ్ళో సగానికి పైనే. ఈ ఏడాది ఇంకా పెరిగారు."

వకుళ కుర్చీలో వెనక్కి వాలింది. సగానికి పైన! ప్రతి ఒక్కరూ తామొక్కరే ఇలా చేస్తున్నామనుకుని, పక్కవాళ్ళకు తెలియకుండా తలనొప్పి దాచుకుంటున్నారన్నమాట. పొద్దున నడవలో ఎదురైన ముఖాలు గుర్తొచ్చాయి. అందరూ చిరునవ్వుతో "తేటగా ఉంది" అనేవారే.

"ఎవరెవరు?"

"పేర్లు బయటపెట్టకూడదని మీరే నియమం పెట్టారు."

"అవును, పెట్టాను."

"మీ పేరు మాత్రం మీకు చెప్పవచ్చు."

వకుళకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నా పేరా? నేను రోజూ కట్టుకుంటాను. అది అప్పుడప్పుడు జారిపోతుందంతే."

"జారదండీ. చాలాకాలంగా మీరే నిద్రలో ముడి విప్పి తీస్తున్నారు. ఆ తర్వాత మీ చెయ్యి తలుపు వైపుకు చాచి ఉంటుందని పక్కమీది సెన్సార్ చెబుతోంది. లేచేదాకా అలాగే ఉంటుంది. మీ సమాచారాన్ని లెక్కలోకి తీసుకోవద్దన్నారు కాబట్టి నేను ప్రస్తావించలేదు."

ఎంతోకాలంగా పొద్దున్నే తల దిమ్ముగా ఉంటే కళ్ళజోడు మార్చుకోవాలి అనుకుంది వకుళ. రెండుసార్లు మార్చుకుంది కూడా. ఇప్పుడు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. అందరి మత్తూ వదిలించానని సంబరపడుతున్నప్పుడు, తన చెయ్యి తనకు చెప్పకుండా ఎవరికోసమో చూస్తూ ఉంది.

ఆ సాయంత్రం ఆమె ఒక పట్టీని విప్పి, బుల్లి పంకాను విడదీసి, తాయారమ్మ మంచం తల దగ్గర గోడకు బిగించింది. పాడుగాలి వల్ల వచ్చే తలనొప్పీ వాంతులూ ఉండవు. మత్తును మాత్రం ఉన్నంత ఉండనిచ్చింది. మృత్యుంజయరావుకు ఫోన్ చేసి, వార్డు అక్కర్లేదని, కారణం దొరికిందని చెప్పింది.

"ఏమిటా కారణం?"

"పట్టీలో లోపం లేదండీ. తయారుచేసిన నేనే ఒకటి మరిచిపోయాను. రేపటినుంచి ఆవిణ్ణి లేపే బాధ్యత నాది."

ఆయన, ఊరికే అడుగుతున్నట్టు, "ఆ వంతుల పద్ధతి మళ్ళీ పెడతారా ఏమిటి?" అన్నాడు.

తెల్లవారింది. పూజామందిరంలో ఎవరో పాడుతున్నారు. వకుళ చన్నీళ్ళతో ముఖం కడుక్కుని, రెండు అరచేతులూ రుద్ది వెచ్చబరుచుకుని, గడియ పెట్టని తలుపు తోసి చప్పుడు చెయ్యకుండా పక్కగదిలోకి వెళ్ళింది. తాయారమ్మ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. వకుళ మంచం మీద కూర్చుని ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. పిలవలేదు, కుదపలేదు.

తాయారమ్మ కనుబొమలు కదిలాయి. పెదవులు ఏదో మాట వెతుక్కున్నాయి. చెయ్యి పైకి వచ్చి, నుదుటి మీది చేతిని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడుముకుంది. ఆ కాసేపట్లో ఆమె ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో వకుళకు తెలియదు. తొందరపెట్టలేదు.

"ఎవరూ?"

"నేను, వకుళని. తెల్లారింది పిన్నిగారూ."

"ఇంకాస్సేపు పడుకోనియ్యవే," అంది తాయారమ్మ, కళ్ళు తెరవకుండానే.

"పడుకోండి." వకుళ చెయ్యి తియ్యలేదు.

బయట పాట అయిపోయింది. గంట మోగింది. అప్పుడు తాయారమ్మ మెల్లిగా కళ్ళు తెరిచి, గోడను కాక, వకుళ ముఖాన్ని చూసింది.

"నీ బాకీ తీరిందే," అంది. "రేపు గడియ పెట్టుకోకు. నా వంతు."