హేమశ్రీ ఎత్తిన చెయ్యి

"అడ్డు తప్పుకోమంటున్నానా" అంటూ అప్పాజీ భార్యను జుట్టు పట్టి ఈడ్చి గోడకేసి కొట్టాడు. నాగవల్లి పెదవి చిట్లి నెత్తురు జాకెట్టు మీదికి కారింది. అయినా లేచి కంప్యూటరు బల్లకు రెండు చేతులూ అడ్డం పెట్టింది... అది పగిలితే తన బిడ్డకు ఇక దిక్కు లేదు! తెరలోంచి రూతు టీచరు "సార్... సార్..." అని పిలుస్తూనే ఉంది.

హేమశ్రీకి ఆరేళ్ళు. ఇంతవరకు అమ్మా అని పిలవలేదు. చప్పుడు భరించలేకపోతే తల గోడకేసి బాదుకుంటుంది, దగ్గరికొచ్చినవాళ్ళను కండ ఊడేలా కొరుకుతుంది. ఆటిజం అన్నారు డాక్టర్లు. భీమవరంలో నేర్పేవాళ్ళు దొరక్క, నాగవల్లి పోరుపెట్టి ఇంటర్నెట్టు పెట్టించింది. హైదరాబాదు నుంచి రూతు కెమెరాలో చూస్తూ చెబుతుంటే, తనే పాపకు నేర్పుతోంది. కొరకకుండా అరచెయ్యి ఎత్తి 'చాలు' అని చూపించాలి. ఎత్తిన మరుక్షణం ఎదుటివాళ్ళు చేసే పని ఆపెయ్యాలి. ఎన్ని నెలలు నేర్పినా పాప తనంతట తాను ఒక్కనాడూ ఎత్తలేదు. నాగవల్లి చేతుల నిండా పంటిగాట్లే మిగిలాయి.

ఆ సాయంత్రం రొయ్యల చెరువు దగ్గర్నుంచి వచ్చిన అప్పాజీ, కూతురి నుదుటి మీద నెత్తురు చూశాడు. అంతే, ఒళ్ళు తెలియలేదు.

"పిల్ల తల పగలగొట్టుకుంటుంటే ఈ బొమ్మ చూస్తా కూర్చున్నావా?"

"నే మొదట్నించీ చెప్తానే ఉన్నాను కదరా" అంటూ అత్తగారు బుల్లెమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ పట్టుకారులో కాల్చిన పసుపుకొమ్ము ఎర్రగా ఉంది. "రెండు వాతలు పెడితే అదే దారికొస్తది."

అప్పాజీ భార్య మీదికి మళ్ళీ చెయ్యెత్తాడు. మూలన ఊగుతున్న హేమశ్రీ లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. కొరుకుతుందనుకుని అతను వెనక్కి జరిగాడు. పాప కొరకలేదు. తండ్రి ముఖానికెదురుగా అరచెయ్యి ఎత్తింది.

"ఆపండి సార్" అంది రూతు. "పాప చాలంటోంది. అడిగినప్పుడు ఆపకపోతే ఇంకెప్పుడూ అడగదండి."

"నన్నేనా... నన్నేనా అండి అడిగింది?" అంటూ అప్పాజీ ఎత్తిన చెయ్యి మెల్లగా దించేశాడు.

నాగవల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. రొయ్యలు చచ్చిపోయినా, కూరలో ఉప్పెక్కువైనా దెబ్బలు తనకే... ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్క చెయ్యి ఎత్తడం తనకెందుకు రాలేదు! నోరులేని పిల్లకు వచ్చింది, నేర్పిన తనకు రాలేదు.

"ఇప్పుడే మెత్తబడింది, పట్టుకోరా" అంటూ బుల్లెమ్మ పాప మీదికి వంగింది.

నాగవల్లి నెత్తురు తుడుచుకుని, కూతురి పక్కన నిలబడి, తనూ అరచెయ్యి ఎత్తింది.

"చాలు అత్తయ్యగారూ."

బుల్లెమ్మ కొడుకు వంక చూసింది. అతను తల్లి చేతిలోని పట్టుకారు తీసుకుని, వెళ్ళి నీళ్ళ తొట్టిలో పడేశాడు.