గీతకు పైన రెండు బిందెలు

ఆ రోజు నల్లా నీళ్లు వచ్చే రోజు. రామమ్మ ఐదున్నరకే లేచి డ్రమ్ము నింపింది, బకెట్లు నింపింది, బిందెలు నింపింది, చివరికి చెంబులూ గ్లాసులూ నింపి మూతలు పెట్టింది. మెదక్‌కు కాపురానికి వచ్చి నలభై ఆరేళ్లయింది. ఇంట్లో ఒక్క గిన్నె సగం ఖాళీగా ఉన్నా ఆమెకు తోచదు.

కోడలు సుమన లోపల చీరలు సర్దుకుంటోంది. రామాయంపేటలో ఒక ప్రైవేటు బడి హాస్టల్లో ఆమెకు వార్డెన్ ఉద్యోగం వచ్చింది. ఆ రోజే చేరాలి. ఉండడం అక్కడే. ఇంటికి రావడం శనివారం సాయంత్రం.

రామమ్మ కొడుకు, సుమన భర్త రఘుపతి బైకు ప్రమాదంలో పోయి మూడేళ్లయింది. ముందు గదిలోని నాలుగడుగుల చేపల తొట్టి అతనిదే. అందులో రెండు ఆస్కార్ చేపలు. ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం సుమనే సగం నీళ్లు తోడేసి, కొత్త నీళ్లు మోసేది. రామమ్మ నడుముకు అంత పని సాగదు. అందుకే సుమన ఫోన్లో వీడియోలు చూసి, అద్దాల కొట్లో గాజు కోయించి, తొట్టి కింది ఇనుప స్టాండులో సంప్, అంటే నీళ్లు వడకట్టే గాజు పెట్టె, పెట్టించింది. ప్లంబర్ ఐలయ్య పైపులు బిగించాడు. పై తొట్టిలో పొర్లిన నీరు పైపులోంచి కిందికి దిగుతుంది. స్పాంజీల్లోంచి, పింగాణీ ముక్కల్లోంచి జారి శుభ్రపడుతుంది. చివరి అరలోని మోటరు దాన్ని మళ్లీ పైకి తోస్తుంది. సంప్ గాజు మీద సగానికి కాస్త పైన సుమన ఎర్ర మార్కరుతో గీత గీసింది.

"అత్తమ్మా, నీళ్లు గీ గీత కిందికి పోతెనే పొయ్యాలె. గీత దాటొద్దు," అని వారం నుంచి చెబుతూనే ఉంది.

"ఎన్నిసార్లు చెప్తవే? నేనేమన్న చిన్నపోరినా?" అంటూనే ఉంది రామమ్మ.

ఎనిమిదింటికి సుమన స్నానానికి వెళ్లింది. రామమ్మ సంప్ ముందు కూర్చుంది. గీతకు పైన జానెడు గాజు ఖాళీగా కనబడింది. ఇక శనివారం దాకా తానొక్కతే. నీళ్లు చాలకపోతే? చేపలకు రెండు రోజులు నిలవ ఉన్న నీళ్లే పోయాలని ఆమెకు గుర్తుంది. పెరట్లో అందుకని విడిగా ఉంచిన పాత డ్రమ్ములోంచి చిన్న బిందెతో రెండు బిందెలు తెచ్చి, అంచు దాకా పోసి, నిమ్మళపడింది.

పావుగంటకు కరెంటు పోయింది. మోటరు ఆగింది. పైపుల్లోని నీరూ, పై తొట్టి అంచున ఉన్న నీరూ కిందికి దిగాయి. కింద చోటు లేదు. నీళ్లు సంప్ దాటి గచ్చు మీద పరుచుకుని, స్టాండుకు ఆనించిన నల్ల బ్యాగు కిందికి చేరాయి. సుమన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

సుమన తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చి బ్యాగు లాగింది.

"గిదేంది అత్తమ్మా! ఎన్ని నీళ్లు పోసినవ్?"

"ఖాళీగ కనబడ్డది. జర పోసిన."

"జరనా? ఆ ఖాళీ ఊకెనే పెట్టిననుకున్నవా? కరెంటు పోతె పైన నీళ్లు యాడికి దిగాలె? గీ ఇంట్ల చెంచాలు గూడ నింపి పెడ్తవ్. నా నోట్లె నీళ్లు పోసి మూత పెట్టుడొక్కటే తక్కువ!"

"నాకేమెరుక? పుట్టినకాడికెల్లి నింపుడే నేర్చిన."

"ఎరుకే. నేను పోవద్దని కావాలనే చేసినవ్."

రామమ్మ గుడ్డ తెచ్చి గచ్చు తుడవబోయి ఆగిపోయింది.

"పోసుడైతె కావాలని పోయలే," అంది చివరికి. "గని నీళ్లు బ్యాగు దిక్కు పోతుంటె చూసిన. తీయాలె అనుకున్న. తీయలే. తడిస్తె పోదేమో అనుకుంట నిలబడ్డ."

సుమన చేతిలోని బ్యాగు కుర్చీ మీద పెట్టింది.

"గంత భయమైతె పోవద్దని నోటితోనే చెప్పొచ్చు గద," అంది సుమన.

"చెప్తె ఆగుతవని చెప్పలే."

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. మోటరు నడిచాక రామమ్మే మగ్గుతో నీళ్లు తోడి గీత దాకా దించింది. "ఇగ స్విచ్ బందు చెయ్యి, చూస్త," అంది. సుమన కట్టేసింది. నీళ్లు గీత దాటి పైకి పైకి వచ్చి, అంచుకు రెండు వేళ్ల కింద ఆగాయి.

"గంతేనా?"

"గంతే."

సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో ఉండి బతికాయి. తడిసింది ఉద్యోగంలో చేరే ఫారం ఒక్కటే. రామమ్మ దాని మీద పాత చీర ముక్క పరిచి, ఇస్త్రీపెట్టె మెల్లగా నడిపింది. ఆమె బడికి పోలేదు. కొడుకు పలక మీదే అక్షరాలు దిద్దుకుంది. గుడ్డ ఎత్తినప్పుడల్లా కనబడిన మాటను కూడబలుక్కుని చదివింది. ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలో రాసే గడిలో తన పేరుంది. వరస అన్నచోట 'తల్లి' అని ఉంది.

"తప్పు రాసినవ్ బిడ్డా. మీ అమ్మ ఎల్దుర్తిల ఉన్నది గద."

"తప్పేంగాదు. మూడేండ్ల సంది నాకు జెరమొస్తె దవాఖానకు ఎవరు తీస్కపోయిన్రు?"

రామమ్మ ఆరిన కాగితం మీదే ఇంకో రెండుసార్లు ఇస్త్రీపెట్టె నడిపింది.

రఘుపతి పోయిన నాటి నుంచి, ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా రామమ్మ చూడలేక లోపలి గదిలోకి వెళ్లిపోయేది. ఆ రోజు కళ్లు తుడుచుకుని, చీర కొంగు దోపి, బ్యాగు తన భుజానికి తగిలించుకుంది.

"ఇటియ్యి అత్తమ్మా, బరువుంటది."

"బస్టాండు దాకనే గద. నడువు, బస్సొస్తది," అని ఆమె ముందుగా గడప దాటింది.