టేపక్క పెట్టె

పెట్టె నిండా పగిలిన గాజు. దాని కింద చిరిగిన బొమ్మ.

శుక్రవారం ఉదయం పది ఇరవై. మేనేజరు గదిలో ఎస్సై గ్లవ్స్ తొడుక్కుని ఒక్కో పెంకూ పక్కకు తీసింది. ఆమె వచ్చింది ఒక్క సంతకం కోసం. అది పడితే కేసు క్లోజ్. కానీ ఎవరో వండి వార్చి ముందు పెట్టిన కేసంటే ఆమెకు మొదటినుంచీ ఒళ్లు మంట.

ఫ్రేము కట్టిన ప్రింట్లు ఆన్‌లైన్‌లో అమ్మే షాపు అది. పోయిన ప్రింటు, చిత్రకారుడు స్వయంగా పెన్సిల్‌తో సంతకం చేసిన ఇరవై అయిదింటిలో ఒకటి. మంగళవారం ఇక్కడినుంచి బయల్దేరింది. కొన్నావిడ భూతద్దం పెట్టి చూస్తే, చిరిగిన బొమ్మ మీది సంతకం కూడా అచ్చులో పడిందే. అసలుది మాయమై నకలు మిగిలింది. ఆవిడ పెట్టెను వెనక్కి పంపేసింది.

“ప్యాక్ చేసిందెవరు?”

“టేపక్క,” అన్నాడు మేనేజరు. ఓనరుకు స్వయానా బావమరిది. “పెంకుల మీది ఆ టేపు ఇంటూ గుర్తు చూడండి మేడమ్. పగిలినా పెంకులు రాలకుండా గాజు మీద టేపు అలా వేస్తుంది. చివర మడత కూడా ఆవిడదే. ఇంకేం సాక్ష్యం కావాలి? ఒప్పుకున్నట్టు కాగితం కూడా రాసి పెట్టాను. సంతకం చేయనంటుంది.”

“ఈ పెట్టె ఆవిడకు చూపించారా?”

“ఎందుకు చూపిస్తాను? తిరిగి రాగానే తాళం వేశాను.”

పక్కనే నిలబడ్డ ఓనరు నేల చూపులు చూస్తున్నాడు.

ప్యాకింగ్ గదిలో టేపక్క పని ఆపలేదు. యాభై దాటిన మనిషి. రెండు చేతులకూ టేపు చుట్టలు.

“సంతకం పెట్టను మేడమ్,” అంది ముందుగానే. “పన్నెండేళ్లుగా ఇదే బల్ల. ఉద్యోగం పీకేస్తే పీకేయమనండి. దొంగ అనే మాట మోసుకుని మాత్రం ఈ గుమ్మం దాటను.”

“సంతకం అడగలేదు. ఒకటి ప్యాక్ చేసి చూపించండి.”

టేపక్క ఆమెను ఎగాదిగా చూసి ఒక ఫ్రేము అందుకుంది. నాలుగు మూలలకూ అట్ట తొడుగులు. పల్చటి కాగితం. బబుల్ రాప్ రెండు చుట్లు. చిన్న పెట్టె, దాన్ని పట్టే పెద్ద పెట్టె. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

“కదులుతోంది. ఈ మూలకి ఇంకో కాగితం పడాలి.”

“టేపు మర్చిపోయారు. గాజు మీద ఇంటూ గుర్తు.”

టేపక్క నవ్వింది. “ఇది గాజు కాదు మేడమ్, అక్రిలిక్. గాజులా కనిపించే ప్లాస్టిక్. బరువు గాజులో సగం కూడా ఉండదు. దీనిమీద టేపు వేస్తే జిగురు మరక పోదు.”

“అక్రిలిక్ ఎప్పటినుంచి?”

“సోమవారం గాజు అయిపోయింది. మేస్త్రిని అడగండి.”

ఫ్రేములు కట్టే మేస్త్రి రంపం పక్కన పెట్టాడు. “మంగళవారం అంతా అక్రిలిక్కే కోశాను. ఆ సంతకం ప్రింటుకీ అదే.”

“మేనేజరుకు చెప్పారా?”

“ఆయన ఈ గదిలోకి రారు మేడమ్. దుమ్ము పడదట.”

గోడకు వేలాడుతున్న బరువుల పుస్తకం తిప్పింది ఎస్సై. మంగళవారం, 4:10. మూడు కిలోల నాలుగు వందలు. కొరియర్ ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్లు అదే పెట్టెను 6:35కు తూచారు. నాలుగు కిలోల ఆరు వందలు.

పదకొండు నలభైకి అందరినీ ప్యాకింగ్ బల్ల దగ్గరికి పిలిచింది. మేనేజరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

“రెండున్నర గంటల్లో పెట్టె కిలోకి పైగా పెరిగింది. దారిలో ఏం తిని ఒళ్లు చేసిందంటారు?”

“కాటా తప్పయి ఉంటుంది,” అన్నాడు మేనేజరు.

“పోనీ, కాటాయే తప్పనుకుందాం. మంగళవారం కట్టిన ఫ్రేముకు అసలు గాజే లేదు. మరి పగిలింది ఏమిటి?”

మేనేజరు ఓనరు వైపు చూశాడు.

“కొరియర్ వ్యాను వచ్చింది ఆరింటికి. అంతవరకూ పెట్టె ఎక్కడుంది?”

ఓనరు మొదటిసారి నోరు విప్పాడు. “వీడి గదిలో. పార్సిళ్లన్నీ అక్కడినుంచే వెళ్తాయి.”

“టేపక్కకు అది అక్రిలిక్ అని తెలుసు. తనే మార్చి ఉంటే గాజు పెట్టదు. ఆవిడ ఎప్పుడూ ఇంటూ వేస్తుందని తెలిసి, ఆ రోజు వేయలేదని తెలియనివాళ్లే ఇది చేశారు. తిరిగొచ్చిన పాత ఫ్రేము ఒకటి తీశారు. దానిమీద ఆవిడ టేపు అలాగే ఉంది. అందులో నకలు పెట్టి, గాజు పగలగొట్టి, ఈ పెట్టెలోకి తోశారు. అసలుదానికి చుట్టిన బబుల్ రాప్ కూడా విప్పి చూడలేదు. చూసి ఉంటే గాజు జోలికి పోయేవారు కాదు.”

ఎస్సై పంపిన కానిస్టేబుల్ మేనేజరు బీరువా వెనకనుంచి ఒక కట్ట తెచ్చాడు. బబుల్ రాప్ విప్పనే లేదు. మేనేజరు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు,” గొణిగాడు ఓనరు.

“కాటా పట్టింది కదండీ,” అంది టేపక్క.

మేనేజరును జీపు ఎక్కించాక ఓనరు గొంతు సవరించుకున్నాడు. “అక్కా, జరిగింది మర్చిపో.”

“మర్చిపోను. ముందు నేను ఒప్పుకున్నట్టు రాసిన ఆ కాగితం ఇటివ్వండి.”

ఇచ్చాడు. టేపక్క దాన్ని ఉండ చుట్టి, ఇందాకటి పెట్టెలో ఖాళీ ఉన్న మూలకు కుక్కింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు.

“అది కస్టమరుకు వెళ్తుంది కదక్కా,” అన్నాడు ఓనరు. “విప్పి చదివితే?”

టేపక్క మూత మూసి, టేపు లాగి, చివర మడిచింది.

“చదవనివ్వండి. కింద సంతకం లేదుగా.”