గుండీ పెట్టిన జేబు

కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఒక కాలికి చెప్పుంది. రెండో కాలికి లేదు.

ఉదయం 11:05. ఇన్‌స్పెక్టరమ్మ షెడ్డులోకి వచ్చేసరికి పికప్ ట్రక్కు ముందు భాగం ఆ మనిషి ఛాతీ మీద కూర్చునుంది. బండి ఎక్కించే ఇనప ర్యాంపులు రెండూ చెరో పక్కకి ఒరిగాయి. నేలంతా తడి. అందులో రక్తమెంతో, ఆయిలెంతో చెప్పలేం.

పోయినవాడు ఆ షెడ్డులో మెకానిక్. అందరూ చిన్నాడంటారు. షెడ్డు యజమాని వాడి సొంత అన్న, పెద్దాడు.

జాకీలు పెట్టి బండిని లేపారు. శవాన్ని తీశారు. మళ్లీ బండిని నేలకి దించారు. చిన్నాడి ప్యాంటుకి తొడ మీద ఒక జేబుంది. కోటుకుండేలాంటి పెద్ద గుండీ. గుండీ పెట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ ఆ సంగతి నోట్‌బుక్కులో రాసుకుంది.

"ఎలా జరిగింది?"

పెద్దాడు చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. "గేరుబాక్సు ఆయిల్ మారుస్తున్నాడు, మేడమ్. ఆటోమేటిక్ బండి. పాత ఆయిల్ దించేశాడు. కొత్తది పోశాడు. దించుదామని చక్రాల వెనక అడ్డు దిమ్మలు తీసేశాడు. స్టార్ట్ చేసి గేర్లన్నీ ఒకసారి తిప్పాడు. కారుతోందేమో చూద్దామని కిందికి దూరాడు. రివర్స్‌లో వదిలేసినట్టున్నాడు. బండి వెనక్కి దిగిపోయింది."

"ఇంజన్ ఎవరు ఆపారు?"

"నేనే. చప్పుడు విని పరిగెత్తుకొచ్చాను."

"టైమెంత?"

"పావు తక్కువ పదకొండు."

గేరు లీవర్ R మీద, అంటే రివర్స్‌లోనే ఉంది. తాళం బండికే ఉంది. బల్ల మీద ఐదు సీసాల్లో నల్లగా పాత ఆయిల్. ఎంత దిగితే అంతే కొలిచి పోయడం చిన్నాడి అలవాటు. పక్కన ఐదు కొత్త ఆయిల్ డబ్బాలు. ఐదూ ఖాళీ. చెప్పిందానికీ కనిపించేదానికీ ఎక్కడా తేడా లేదు.

బండి డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మీసాలాయన.

"పావు తక్కువ పదకొండుకి నువ్వెక్కడున్నావు?"

"ఎదురుగా టైర్ల కొట్లో, మేడమ్. అక్కడ గాలి మిషను రొదకి పిడుగు పడ్డా వినబడదు. ఈ చప్పుడు మాత్రం వినబడింది."

"చిన్నాణ్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"పదీ ముప్పైఐదుకి. బండి కిందే ఉన్నాడు. ఇంకెంతసేపురా అంటే, పోయడానికే ఇరవై నిమిషాలు పడుతుంది బాబాయ్ అన్నాడు. ఆయిల్ పోసే గొట్టం వేలంత సన్నం కదా. కొత్త డబ్బాలకి సీలు కూడా తీయలేదప్పటికి."

"ఈ షెడ్డుకే ఎందుకొచ్చావు?"

"చిన్నాడి కోసం. పెద్దాడి చేతికి తోపుడు బండి కూడా ఇవ్వను నేను. వచ్చే నెల చిన్నాడు వేరే షెడ్డు పెడుతున్నాడుగా. మా బళ్లన్నీ ఇక అక్కడికే."

"పెద్దాడికి తెలుసా?"

"పొద్దున నేనే చెప్పాను. సరదాగానే అన్నాను."

"నవ్వాడా?"

"నవ్వలేదు."

షెడ్డు వెనక పాత ఆయిల్ పారబోసే పీపా ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ కర్ర ముంచి తీసింది. కర్రకి ఎర్రగా, శుభ్రంగా అంటింది. వాడిన ఆయిల్ ఆ రంగులో ఉండదు.

తల్లి ఒక పాత టైరు మీద కూర్చునుంది. ఒళ్లో రెండు భోజనం డబ్బాలు. ఇద్దరు కొడుకులకీ తెచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ పక్కన గొంతుక్కూర్చుంది.

"అమ్మా, ఆ తొడ జేబేంటి?"

"నేనే కుట్టాను తల్లీ. నాకెప్పుడూ ఇదే భయం. వాడు కింద ఉండగా పైన ఎవరైనా చూసుకోకుండా బండి కదిపితే? రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. కిందికి దూరేముందు తాళం అందులో వేసి గుండీ పెట్టుకోమని ఒట్టేయించుకున్నాను."

"ఎవరడిగినా ఇవ్వడా?"

"బండి ఓనరు అడిగినా ఇవ్వడు. అన్న అడిగితే ఇస్తాడనుకో. అన్నేమన్నా పరాయివాడా?"

ఇన్‌స్పెక్టరమ్మ వెంటనే లేవలేకపోయింది. ఈమెకి ఇంకా ఒక కొడుకు మిగిలాడు. తను ఊరుకుంటే మిగిలే ఉంటాడు.

12:20. అందరినీ బండి దగ్గరికి పిలిచింది.

"బండి దారికడ్డంగా ఉంది. స్టార్ట్ చేసి రెండడుగులు ముందుకి తియ్యి."

పెద్దాడు కదల్లేదు. "తోయిద్దాం, మేడమ్."

"తోయడమెందుకు? మీవాడు ఆయిల్ పోశాడుగా. సరే, నేనే తీస్తాను."

ఆమె సీట్లో కూర్చుంది. తాళం మీద చెయ్యి వేసింది.

పెద్దాడు ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు, మేడమ్! ఆయిల్ లేకుండా తిప్పితే గేరుబాక్సు పంపు కాలిపోతుంది. కస్టమర్ బండి."

పెద్దాడి చెయ్యి నెమ్మదిగా జారిపోయింది.

"ఇరవై ఏళ్ల అలవాటు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తమ్ముడి మీదికి బండి దింపావు గానీ, కస్టమర్ గేరుబాక్సు పాడవుతుంటే చూడలేకపోయావు. పదీ ముప్పైఐదుకి సీలు తీయని డబ్బాలు పది నిమిషాల్లో ఆ గొట్టంలోకి ఖాళీ కావు. పీపాలోకైతే అవుతాయి. ఆయిల్ లేని ఆటోమేటిక్ బండిని రివర్స్‌లో పెట్టినా ఇంజన్ కదపలేదు. న్యూట్రల్‌లో పెడితే ర్యాంపు మీంచి దానంతటదే దొర్లుతుంది. లీవర్ పార్క్‌లోంచి అక్కడికి రావాలంటే తాళం కావాలి; R లో తర్వాత పెట్టావు. తాళం వాడి జేబులో ఉంది."

మీసాలాయన తల దించుకున్నాడు.

తల్లి లేచి వచ్చింది. డబ్బాలు రెండూ చేతిలోనే ఉన్నాయి. కొడుకు మొహంలోకి చూసింది.

"లాక్కున్నావా?"

"అడిగాను. ఇచ్చాడు."

"ఎందుకని అడిగాడా?"

"అడగలేదు."

ఆమె అడగకపోతే ఉండలేనట్టు అడిగింది.

"ఇచ్చాక గుండీ పెట్టుకున్నాడా?"

పెద్దాడికి బేడీలు పడ్డాయి.

"పెట్టుకున్నాడమ్మా," అన్నాడు.