చరిత్ర శాఖలో గుండెలు బాదుకునే చప్పుడు

మా యూనివర్సిటీ వెనక, కంపచెట్ల నడుమ, చరిత్ర శాఖ పాత కట్టడం ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. లోపలి నుంచి చప్పుడొస్తుంది — దబ్... దబ్... దబ్. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లెవరో చచ్చి, అక్కడి శాసనాల గదిలో గుండెలు బాదుకుంటోందని పేరు. వాచ్‌మన్ ఓబన్న కూడా అటువైపు టార్చి వేయడు.

గేటు ఎదురుగా జిరాక్సు అంగడి నాది. పేరు వేణుగోపాల్. దెయ్యాల సంగతి నాకు తెలీదు గానీ, ఆ శాఖను చంపినవాళ్ళను మాత్రం రోజూ చూస్తుంటాను. నిధులు లేవన్నారు. పాఠాలు చెప్పే తాత్కాలిక లెక్చరర్లను పీకేశారు. పిల్లల్ని ఇంకో శాఖలో కలిపి, క్లాసుల్లేకుండానే పరీక్షలు పెడుతున్నారు. నిధులు లేని ఆ యూనివర్సిటీయే గేటుకు కొత్త ఆర్చి కట్టి, రాత్రంతా రంగు దీపాలు వెలిగిస్తోంది. అంగడి తీయగానే నాకు కనిపించేది అదే.

స్తుతి అక్కడ ఎం.ఏ. చరిత్ర చదివే పిల్ల. పత్తికొండ దగ్గర పల్లె. వాళ్ళ ఊరి చేలో దొరికిన శాసనం రాయి మీద ప్రాజెక్టు రాస్తోంది. ఆ రాయి ఉన్నది ఆ గదిలోనే. దాన్ని చదవకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. ఇంతలో ఆ గదిని గెస్ట్‌హౌస్ చేస్తారని, తెల్లారితే ట్రాక్టరొచ్చి రాళ్ళన్నీ గుంతలో పోస్తుందని తెలిసింది. ఆ సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఒక్కతే బయలుదేరింది. తర్వాత జరిగింది తనే నాకు చెప్పింది.

వెనక తలుపు ఓరగా ఉంది... నెట్టింది. గబ్బిలాల కంపు. ఫోను వెలుగులో రాళ్ళు, ఇంకా రాళ్ళు... అంతలో —

దబ్... దబ్...

ఎదురుగా తెల్లగా, మనిషెత్తున ఏదో వేలాడుతోంది. గాలి లేదు... అయినా కదిలింది. దాని వెనక నుంచి రెండు చేతులు వచ్చాయి. మోచేతుల దాకా నల్లగా, తడిగా.

"యేసయ్యా..." అనుకుందట. అరవబోయింది. ఆ నల్లటి చెయ్యి వచ్చి గొంతు మీద పడింది.

"అరచొద్దు పాపా... ఓబన్న వస్తాడు."

ఆ గొంతు తెలుసు. హిమబిందు మేడమ్. శాసనాలు చెప్పే మేడమ్ — అందరికంటే ముందు పీకింది ఆమెనే.

నేల మీద రాయి, రాయి మీద తడి కాగితం. దాన్ని బిరుసు కుంచెతో కొట్టి అక్షరాల్లోకి దించి, పైన మసి అద్దితే అచ్చు వస్తుంది. తెల్లగా వేలాడేది ఆరేసిన అచ్చు వెనకవైపు. రాళ్ళు పోయేలోగా అక్షరాలైనా దక్కించుకోవాలని ఆమె కోడుమూరు నుంచి బస్సెక్కి వస్తోంది. ఉద్యోగం తీసేసిన రోజు ఆమె దగ్గర తాళంచెవి తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

"శాసనాల మీద రాస్తాండావు, అచ్చు తీసే చప్పుడు తెలీదా పాపా?"

"ఎవురు చూపిచ్చినారు మేడమ్?"

మేడమ్ కుంచె తెచ్చి స్తుతి చేతిలో పెట్టిందట.

తెల్లారి ట్రాక్టరు వచ్చింది. స్తుతి అడ్డం నిలబడింది.

"లోపలికి పోవద్దన్నా... రాత్రి నా గొంతు పట్టుకునింది."

మెడ మీద అయిదు నల్లటి వేళ్ళ అచ్చులు. కూలోళ్ళు చూశారు... ట్రాక్టరు వచ్చిన దారినే తిరిగిపోయింది. ఆ పిల్ల ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఇక పెద్దల సంగతి వినండి. నిధులు లేవన్న నోళ్ళే అదే రోజు శాంతిపూజకు డబ్బు మంజూరు చేశాయి. పాఠం చెప్పే మనిషికి పైసా లేదు, దెయ్యానికి మాత్రం ఉంది. థూ! వచ్చిన మంత్రగాడికీ లోపలికి పోవడానికి భయమే. గుమ్మం దగ్గరే నిమ్మకాయలు కోసి, ఎండాకాలం పోయేదాకా తలుపు తీయొద్దని చెప్పి, దక్షిణ జేబులో వేసుకుని పోయాడు.

నిన్న ఓబన్న అంగడి ముందు టీ తాగుతూ నా చెవి దగ్గరికి వంగాడు.

"పూజ పని చేయల్యాప్పా... ముందు ఒక చప్పుడే ఉండె. ఇప్పుడు రెండు వస్తాండాయి. ఒకటి కొట్టి ఆపుతాది... రెండోది అట్లే కొడతాది."

"అటు పోవద్దులే ఓబన్నా" అన్నాను. చరిత్ర పిల్లలకు ఆ యూనివర్సిటీలో జరుగుతున్న ఒకే ఒక్క క్లాసు అదేనని ఆయనకు చెప్పలేదు.