గాలి సోకిన ఇంజిన్

ఆదివారం... అమావాస్య... పైగా రాహుకాలం!

పాసిర్ రిస్ సముద్రతీరాన పట్టపగలే చీకటి కమ్మింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు... మేఘగర్భాన్ని చీల్చుకుని సముద్రంలోకి దిగిన మెరుపులు... గుడ్లగూబలు కూయవలసిన ఘట్టంలో, పగలు కనుక, కాకులే ఆ బాధ్యత తీసుకున్నాయి. పార్కింగ్ చివర, సరుగుడు చెట్ల కింద, లోహిత్ ఎర్ర కారు నిలబడి ఉంది. దాని బానెట్ మీద ఒక కపాలం! కోతిదో మనిషిదో చెప్పడం కష్టం. దాని నుదుటి కుంకుమ మాత్రం తడితడిగా మెరుస్తోంది.

"తాళం తిప్పు!" అని గర్జించాడు మాంత్రికుడు ఛాయాసిద్ధుడు.

లోహిత్ తిప్పాడు. ఇంజిన్ మేలుకుంది. దాని వెనకే ఆ శబ్దం... "ఊఁ... ఊఁ... ఈఈఈ..." యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ హెచ్చే రోదన! పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుపులాంటి రోదన!

ఆ కారుకి సూపర్‌ఛార్జర్ ఉంది. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కి, దాని సత్తువ పెంచే యంత్రమది. దానికి సన్నని ఈల సహజమే. ఈ ఏడుపు సహజం కాదు. ఆ కారు గురించి ఊరంతా గొప్పలు చెప్పుకున్న లోహిత్, కొన్నాళ్ళ కిందట బిషాన్‌లో తెలుగువాళ్ళ విందుకి అందులోనే దర్జాగా వెళ్ళాడు. పిల్లలు చెవులు మూసుకున్నారు. పెద్దలు కడుపుబ్బ నవ్వారు. "పెళ్ళాం చాలదని కార్ని కూడా ఏడిపిస్తున్నావేంటయ్యా?" అన్నాడు వెంకటేశ్వర రావు అంకుల్. ఆ రాత్రి లోహిత్‌కి అన్నం సయించలేదు.

మెకానిక్ ఇంజిన్‌లో ఒక్కో భాగానికీ ఇనప కడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడు. సూపర్‌ఛార్జర్ బెల్టు తీస్తే ఏడుపు ఆగింది. వేస్తే మళ్ళీ మొదలైంది. "ఎయిర్ లీక్, బాస్! గాలి కారుతోంది!" అని ఒక గొట్టం మార్చాడు. ఏడుపు పోలేదు. మళ్ళీ తీసుకురమ్మన్నాడు గానీ, ఆ తెలుగువాళ్ళదే పాసిర్ రిస్ పిక్నిక్ ముంచుకొస్తుంటే లోహిత్‌కి అంత ఓపిక ఎక్కడిది? ఎవరో చెప్పగా లిటిల్ ఇండియాలో ఒక మాంత్రికుడి ఇరుకు గదికి వెళ్ళాడు. "ఇంజిన్‌లో గాలి ఉందటండి," అన్నాడు.

అంతే! ఛాయాసిద్ధుడి కళ్ళు నిప్పుకణికలయ్యాయి. "గాలి! గాలే సోకింది! దుర్మరణం పాలైన దాని గాలి!"

మెకానిక్ చెప్పిన గాలి వేరు, మాంత్రికుడు విన్న గాలి వేరు. ఆ తేడా లోహిత్‌కి తెలుసు. తెలిసీ తలాడించాడు.

"దాన్ని బయటికి లాగితే నిలవడానికి ఒక ఒళ్ళు కావాలి. నీ ఇంటి ఆడదాని వెంట్రుక ఒకటి పట్రా. కాసేపే... ఆమెకి తెలియను కూడా తెలియదు. కానీ ఇచ్చింది నువ్వేనని నీ నోటితో ఆమెకి చెప్పావో, పిలిచిన నా మీదికే తిరుగుతుంది... జాగ్రత్త!"

భార్య భువన దువ్వెనలో వెంట్రుక దొరకడం ఎంతసేపు! తీస్తున్నప్పుడు లోహిత్‌కి సిగ్గేసింది. అయినా తీశాడు.

ఇప్పుడు ఆ వెంట్రుకే కపాలం కంటిగుంటలోకి పాములా జారింది. "హ్రీం... హ్రూం... ఫట్! తొక్కు!"

లోహిత్ తొక్కాడు. ఏడుపు లేదు! ఇంజిన్ వెన్నలా తిరుగుతోంది! అతని మొహం వెలిగిపోయింది.

అప్పుడు... పిక్నిక్ జనం ఫలహారాలు చేస్తున్న షెడ్డులోంచి... "ఊఁ... ఊఁ... ఈఈఈ!"

భువన! పులిహోర గరిటె ఆమె చేతిలోంచి జారిపోయింది. తెలుగు బడిలో పిల్లలకు పద్యాలు నేర్పే ఆ గొంతులోంచి ఇంజిన్ ఏడుస్తోంది! లోహిత్ కాలు తీశాడు. ఆ కేక దిగి గురగురలాడింది. గబగబా ఇంజిన్ ఆపేశాడు. ఆమె ఆగలేదు!

భోరున కురిసే వానలో, రెప్పవేయని కళ్ళతో, ఆమె నేరుగా కారు దగ్గరికి నడిచొచ్చింది. వెనకే పిక్నిక్ జనమంతా పరుగెత్తుకొచ్చారు.

"యంత్రం కన్నా ఈ కంఠం మేలు! ఇది ఇక నాది!" వికటాట్టహాసం చేశాడు ఛాయాసిద్ధుడు. "ఊపిరి అయిపోయేదాకా ఏడుస్తుంది!"

"అమ్మాయికేమైంది బాబూ? వీడెవడు?" అని భువనను పట్టుకుంది సత్యవాణి ఆంటీ.

అందరూ తనవైపే చూస్తున్నారు. వెంకటేశ్వర రావు అంకుల్ కూడా. లోహిత్ నోరు తెరిచాడు.

"ఎండదెబ్బ అనుకుంటానండీ ఆంటీ..."

కుండపోత వానలో ఎండదెబ్బ! ఛాయాసిద్ధుడు పగలబడి నవ్వాడు. వాడికి తెలుసు, ఇలాంటి మగవాడు ప్రాణమైనా పోగొట్టుకుంటాడు గానీ పరువు పోగొట్టుకోడని. భువన పెదవులు నల్లబడుతున్నాయి. ఆమె కేకల మధ్య ఊపిరి అందడం లేదు. ఇంకో క్షణం ఆగితే ఆమె దక్కదు!

లోహిత్ కారు దిగి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేనే, భువనా! నీ దువ్వెనలోంచి వెంట్రుక తీసి వీడికి ఇచ్చింది నేనే! వీళ్ళు నవ్వారని... కారు శబ్దం పోవాలని... నిన్ను ఇచ్చేశాను!"

ఫెటేల్... కపాలం బద్దలైంది! కారు తాళం తిప్పకుండానే ప్రళయరుద్రుడిలా గర్జించింది. మాంత్రికుడి మంత్రం కన్నా ఆ ఒక్క నిజం బలమైనది. భువనను విడిచిన గాలి సుడిగాలై ఛాయాసిద్ధుడి మీద విరుచుకుపడింది. "వద్దు... వద్దు... ఈఈఈ!" ఇప్పుడు వాడి గొంతులో ఆ ఏడుపు! వాడి ఊపిరి మొత్తాన్ని సూపర్‌ఛార్జర్ జుర్రుకుంది. బుగ్గలు పీక్కుపోయాయి... ఛాతీ ముడుచుకుపోయింది... చివరికి ఒక ఎర్రబట్ట, గుప్పెడు బూడిద! దాన్నీ వాన కడిగేసింది.

ఇంజిన్ ఆగింది. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది లోహిత్‌కి. ఒక్కరూ నవ్వలేదు.

భువన దగ్గింది. ఆంటీ ఇచ్చిన నీళ్ళు తాగింది. మెల్లగా గొంతు సవరించుకుంది.

"భువనా..." అన్నాడు లోహిత్, తలెత్తలేక.

ఆమె అతనికి అడుగు దూరంలోనే ఉంది. సత్యవాణి ఆంటీ వైపు తిరిగింది.

"ఆంటీ, ఆయన్ని కారు తీసుకెళ్ళమనండి. నేను మీతో రైల్లో వస్తాను."

ఆంటీ ఇద్దరినీ చూసి, ఏం చెయ్యాలో తోచక, ఆ మాటే మళ్ళీ లోహిత్‌కి చెప్పింది.

"అలాగేనని చెప్పండి, ఆంటీ," అన్నాడు లోహిత్.