ఒటిలీ దొరసానిని దింపాలి

మా ఊరి పాత కార్ల మ్యూజియంలో చిట్టచివరి వరసలో, వెనక షట్టర్ పక్కన, ఒక పొడుగాటి నల్లకారు ఉంది. పొద్దు వాలాక దాని దగ్గరికి ఎవరూ పోరు. పగటిపూట తుడిచేవాళ్ళు కూడా మిగతా కార్లన్నీ తీరిగ్గా తుడిచి, దాని దగ్గరికొచ్చేసరికి గుడ్డ అలా ఆనించి ఇలా లాక్కుంటారు.

అది ఒటిలీ దొరసాని కారు. ఎనభై ఏళ్ళ కిందట ఒక రాత్రి విందు నుంచి ఇంటికొస్తూ, ఆ వెనక సీట్లోనే, కునుకు తీసినట్టుగా ఆవిడ ప్రాణం పోయింది. డ్రైవరు కంగారుపడి కారును ఆసుపత్రికి తిప్పాడు. అక్కణ్ణుంచి ఆవిడని శ్మశానానికి తీసుకెళ్ళారు. ఇంటికి మాత్రం... చేరనే లేదు.

ఆ కారులో ముందు సీటుకీ వెనక సీటుకీ నడుమ మందపాటి అద్దం ఉంటుంది. దొరసాని ఏం చెప్పాలన్నా ఒక గొట్టంలో చెప్పేది. అది డ్రైవరు చెవి పక్కన వినిపించేది. ఆ గొట్టం ఇప్పటికీ ఉంది. చీకటిపడ్డాక డ్రైవరు సీట్లో కూర్చుంటే, అందులోంచి మాటలొస్తాయని...

ఇదంతా తెలిసే వెర్నా ఆ కారు తాళం అడిగింది.

వెర్నా ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. మ్యూజియంలో ఊరికే సాయానికి చేరింది కానీ, అద్దాల మీద పిల్లల వేలిముద్రలు తుడవడం తప్ప ఆమెనెవరూ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. దయ్యాల వేషాలేసే హాలోవీన్ పండగ ఊరేగింపులో అన్నిటికంటే ముందు నడిచేది ఆ నల్లకారే. దాన్ని ఒక్కసారైనా నడపాలని ఆమె కోరిక. పోయినేడు నడపాల్సినవాడు ముందురోజు సాయంత్రం ఇంజను చూద్దామని కూర్చుని, తలుపైనా వెయ్యకుండా పరిగెత్తాడు. అందుకని ఈసారి మ్యూజియం డైరెక్టర్ తేల్చి చెప్పింది. ఈ సాయంత్రం ఒంటరిగా కూర్చుని ఇంజను వేడెక్కించినవాళ్ళే రేపు నడుపుతారు. మధ్యలో లేచొచ్చినవాళ్ళు మళ్ళీ ఆ సీటు అడగకూడదు.

వెర్నా ఒక్కతే చెయ్యెత్తింది. కారు మెకానిక్ డ్వేన్ పకపకా నవ్వాడు.

"ఇది నీ పసుప్పచ్చ డబ్బా కాదు వెర్నా. హారన్ కొడితే పిల్లలు రారు. వచ్చేది దొరసాని."

అందరూ వెళ్ళిపోయారు. వెర్నా ముందుగా షట్టర్ పైకెత్తింది, పొగ లోపల నిండకుండా. సీట్లో కూర్చుంది. ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి పిల్లిలా గురగురలాడింది. ఆమె గుండె ఉప్పొంగింది.

అప్పుడు... చెవి పక్కన...

"ఇంటికి..."

వెర్నా ఒళ్ళు ఝల్లుమంది. మరుక్షణమే ఒళ్ళు మండింది. డ్వేన్ వెనక దూరి వేషాలేస్తున్నాడు! ఇలాంటి గడుగ్గాయిల్ని ముప్ఫై ఏళ్ళు మోసింది తను. గొట్టం దగ్గరికి వంగి, బస్సులో వాడే గొంతు తీసింది.

"బండి కదలకముందే కూతలొద్దు. వెనక్కి ఆనుకుని కూర్చో."

గొట్టంలోంచి, చాలా మెల్లగా...

"...సరే."

"కిటికీలోంచి చేతులు బయట పెట్టకూడదు."

"...పెట్టను."

వెర్నాకి నవ్వొచ్చింది. ఇంకో రెండు తగిలిద్దామనుకునేలోగా షట్టర్ అవతల, వీధి దీపం కింద, ఎవరో దగ్గారు. రెండు చేతుల్లో రెండు వేడి ఆపిల్ రసం కప్పులతో... డ్వేన్.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు, గడప దాటకుండానే.

అయితే వెనకున్నది డ్వేన్ కాదు. నిజం చెబితే సీటు పోతుంది.

"ఇంజనుతో."

ఇంజను ఆపింది. కాళ్ళు షట్టర్ వైపే లాగుతున్నాయి. కానీ బండి ఆపాక వెనకదాకా వెళ్ళి, ఏ పిల్లాడైనా నిద్రపోయి మిగిలిపోయాడేమో చూడకుండా ఆమె ఏనాడూ ఇంటికెళ్ళలేదు. వెళ్ళి వెనక తలుపు తీసింది.

ఎవరూ లేరు. వెల్వెట్ సీటు మాత్రం ఒకచోట గుంటపడి ఉంది...

మర్నాడు సాయంత్రం ఊరేగింపు. ముందు నల్లకారు, దాని వెనక హైస్కూలు బ్యాండు, ఫైరింజను, మంత్రగత్తె టోపీల పిల్లలతో కిక్కిరిసిన ట్రాక్టర్లు. కోర్టు ముందు వేదిక మీద డైరెక్టర్ చెయ్యెత్తి నిలబడి ఉంది. తిన్నగా వెళితే చాలు.

"ఎడమకి..." అంది గొట్టం.

వెర్నా పళ్ళు బిగించింది. దారి తప్పితే ఈ సీటు దగ్గరికి మళ్ళీ రానివ్వరు. కానీ ఎక్కిన మనిషిని ఇంటి గుమ్మం దగ్గర దింపకుండా ఆమె ఎప్పుడూ బండి వెనక్కి తిప్పలేదు. ఈ మనిషేమో ఎనభై ఏళ్ళుగా దిగకుండా కూర్చుంది.

స్టీరింగ్ ఎడమకి తిప్పేసింది.

బ్యాండూ ఎడమకి తిరిగింది, బాకాలు ఊదుతూనే. ఫైరింజనూ తిరిగింది. ట్రాక్టర్లూ తిరిగాయి. వేదిక మీద డైరెక్టర్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"కుడికి... ఇక్కడే."

దొరసాని ఇల్లున్న చోట ఇప్పుడు కారు దిగకుండానే కాఫీ, డోనట్లు కొనుక్కునే కొట్టుంది. కారు వెళ్ళి ఆ వరసలో ఆగింది. పక్కనున్న, ఆర్డర్లు తీసుకునే స్పీకరు గరగరలాడింది.

"ఏం కావాలండీ? ...వెనకున్న బ్యాండువాళ్ళు కూడా మీతోనేనా?"

"రెండు కాఫీలు," అంది వెర్నా. వెనకాల... టక్కుమని తలుపు తెరుచుకుంది. మూసుకుంది. కారు కాస్త తేలికై, పైకి లేచినట్టయింది. వెర్నా కళ్ళు గట్టిగా మూసుకునే కారును కొట్టు కిటికీ దాకా పోనిచ్చింది.

కళ్ళు తెరిస్తే పిల్లి చెవులు పెట్టుకున్న ఒక అమ్మాయి కాఫీ అందిస్తోంది.

"ఒకటే ఇస్తున్నానండీ. మీ వెనకాల కూర్చున్న పెద్దావిడ దిగి లోపలికెళ్ళిపోయారుగా."

"ఏమైనా... చెప్పారా?"

"ఆ. రేపు కూడా మిమ్మల్నే రమ్మన్నారు, ఇంకెవర్నీ పంపొద్దన్నారు." అమ్మాయి కాస్త ముందుకు వంగింది. "ఇంకా... దారంతా కిటికీలోంచి చేతులు బయట పెట్టలేదని మీకు చెప్పమన్నారు."